రేగడికి లెక్క లేదు

మన భాష నుంచి ఒక మాట భూగర్భశాస్త్రంలోకి వెళ్లి కుర్చీ వేసుకు కూర్చుంది. ఆ మాట 'రేగడ'. దక్కను పీఠభూమి అంతటా పరుచుకున్న నల్లనేలను ఏమని పిలవాలో తోచక 19వ శతాబ్దపు ఇంగ్లిషు శాస్త్రజ్ఞులు తెలుగు రైతు నోటి మాటనే తీసుకుని 'రేగర్' అని రాసుకున్నారు. 1879లో వెలువడిన భారత భూగర్భశాస్త్ర మాన్యువల్‌కు కూడా ఆ మాటే దిక్కయింది. నేటికీ దేశంలో ఏ రాష్ట్రపు భూగోళం పుస్తకం తెరిచినా నల్లరేగడి అధ్యాయంలో ఆ పేరు కనిపిస్తుంది. సూరత్‌లో గుజరాతీ పిల్లవాడు ఇంట్లో 'కాళీ జమీన్' అనే నేలను పరీక్షలో 'రేగర్' అని రాసి మార్కులు తెచ్చుకుంటాడు. అది తెలుగు మాటని అతనికి తెలియదు. మన పిల్లల్లోనూ చాలామందికి తెలియదు.

రైతుల నోట పుట్టి శాస్త్రంలోకి ఎక్కిన మట్టి పేర్లు ఇంకా ఉన్నాయి. రష్యా రైతు 'చెర్నోజెమ్' అన్నాడు. నల్లనేల అని అర్థం. 1883లో వాసిలీ దొకుచాయెవ్ ఆ నేల మీద రాసిన గ్రంథంతోనే ఆధునిక మృత్తికా శాస్త్రం మొదలైందంటారు. పోలండ్ రైతు 'రెండ్జినా' అన్నాడు. సున్నపురాతి మీదా, సుద్ద మీదా పలచగా పరుచుకున్న నల్లమట్టి అది. దున్నుతుంటే కర్రు అడుగు రాళ్లకు తగిలి గీరుకుంటుంది. ఆ చప్పుడు నుంచే ఆ పేరు పుట్టిందని చెబుతారు. తర్వాతి కాలంలో శాస్త్రజ్ఞులు పేర్లు మార్చుకున్నారు. రెండ్జినా 'లెప్టోసాల్' అనే గ్రీకు పేరు కిందికి, రేగర్ 'వర్టిసాల్' అనే లాటిన్ పేరు కిందికి వెళ్లిపోయాయి. చెర్నోజెమ్ ఒక్కటే తన పేరు నిలబెట్టుకుంది.

ఈ మూడింటికీ రంగు ఒకటే. పుట్టుక మాత్రం వేరు. రెండ్జినా సంగతి ముందు చూద్దాం. గాలిలోని, నేలలోని కార్బన్ డయాక్సైడును కలుపుకున్న వాన నీరు స్వల్పంగా పుల్లబడుతుంది. ఆ పులుపుకు సున్నపురాయి కరుగుతుంది. కరిగింది కరిగినట్టే నీటితో పోతుంది. రాతిలో మలినంగా ఉన్న కాసింత బంకమట్టి మాత్రం మిగులుతుంది. సున్నపురాయి ఎంత శుద్ధమైనదైతే మిగిలే మట్టి అంత తక్కువ. అందుకే సున్నపు కొండల మీద మట్టి జానెడు మందం పేరుకోవడానికే వేల ఏళ్లు పట్టవచ్చు. ఆ జానెడు మట్టిలో గడ్డి మొలుస్తుంది. ఏటా చచ్చి కుళ్లే గడ్డి వేళ్లు హ్యూమస్‌గా మారతాయి. మామూలుగా హ్యూమస్ త్వరగా హరించుకుపోయేదే. ఇక్కడ మాత్రం సున్నంలోని కాల్షియం దాన్ని బంకమట్టి కణాలతో కలిపి ముడివేస్తుంది. ముడిపడిన హ్యూమస్ సూక్ష్మజీవులకు సులభంగా చిక్కదు, నీటికి కొట్టుకుపోదు. మట్టి నల్లగా, గుల్లగా, రవ్వరవ్వగా ఉంటుంది. ఆ నలుపంతా కాల్షియం కాపాడిన నలుపు.

అచ్చమైన రెండ్జినా మన దేశంలో అరుదు. మన వేడికి హ్యూమస్ అంతగా నిలవదు. కానీ నల్లనేలకూ సున్నానికీ ఉన్న ఈ పొత్తు మన రేగడిలోనూ ఉంది. అది ఎలా పనిచేస్తుందో, దాన్ని చెడగొడితే ఏమవుతుందో చూడటానికి సూరత్ జిల్లా మంచి చోటు.

తపతి నది లోయ భూగర్భాన్ని విలియం బ్లాన్‌ఫోర్డ్ 1869లోనే వివరంగా రాశాడు. సూరత్‌కు తూర్పున ఉన్నవి దక్కను లావా రాళ్లు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగి గడ్డకట్టిన బసాల్టు. తపతికి ఉత్తరాన తడకేశ్వర్ వైపు వెళితే సున్నపురాయి తగులుతుంది. ఆ ప్రాంతం ఒకప్పుడు వెచ్చని లోతులేని సముద్రం. నమ్యులైట్లనే ఏకకణ జీవుల గుల్లలు దాని అడుగున పేరుకుని రాయి అయ్యాయి. ఆ గుల్లలు చిన్న నాణేల్లా గుండ్రంగా, బల్లపరుపుగా ఉంటాయి. లాటిన్‌లో చిన్న నాణెం అనే మాట నుంచే వాటికా పేరు వచ్చింది. ఈజిప్టులో గిజా పిరమిడ్లు కట్టిన రాయీ ఇలాంటిదే.

సూరత్ మైదానపు మట్టి మాత్రం ప్రధానంగా బసాల్టు బిడ్డ. తపతి, దాని ఉపనదులు తెచ్చి పోసిన ఒండ్రు మీద ఏర్పడిన లోతైన రేగడి. ఇందులో చాలామంది అనుకునేంత హ్యూమస్ లేదు. మన నల్లరేగళ్లలో సేంద్రియ కర్బనం సాధారణంగా ఒక శాతం లోపే. ఉన్న కొద్దిపాటి హ్యూమస్ స్మెక్టైట్ అనే ఉబ్బే గుణమున్న బంకమట్టితో గట్టిగా పెనవేసుకుని ఉండటం వల్ల నేల అంత నల్లగా కనబడుతుంది. ఆ పెనవేతలోనూ కాల్షియానికి వాటా ఉంది. బసాల్టు శిథిలమవుతున్నప్పుడు విడుదలైన కాల్షియం అంతా నీటితో పోదు. వాన తక్కువైన చోట్ల కొంత మట్టిలోనే తెల్లటి సున్నపు గులకలుగా గడ్డకడుతుంది. రేగడి చేలో కాస్త లోతుగా తవ్విన ఎవరికైనా ఈ గులకలు తెలిసినవే.

రేగడి గుణగణాలు తెలుగు రైతుకు చెప్పనక్కర్లేదు. వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. పైమట్టి పొడి ఆ నెర్రెల్లోకి రాలుతుంది. వాన పడగానే నేల ఉబ్బి, నెర్రెలు మూసుకుని, లోపలి మట్టి పైకి తన్నుకొస్తుంది. నాగలి లేకుండానే తనను తాను తిరగేసుకునే నేల ఇది. 'వర్టిసాల్' అనే కొత్త పేరుకు అర్థం కూడా అదే. ఒకసారి తడిసిందంటే ఆ పదునుతోనే చలికాలం పంట చేతికొస్తుంది. చలికాలంలో సూరత్ వీధుల్లో అమ్మే 'పోంక్' ఈ నేల పెట్టే తిండే. లేత జొన్న కంకులను కాల్చి రాల్చిన గింజలవి. మన పల్లెల్లో ఊచబియ్యం అంటాం.

జొన్న కన్నా పత్తి ఈ నేలకు ఎక్కువ పేరు తెచ్చింది. మొగలుల కాలంలో సూరత్ రేవు నుంచి ఓడలెక్కిన నూలు బట్టల వెనక ఉన్నది గుజరాత్ నల్లనేలల పత్తి. 1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు లాంకషైర్ మిల్లులు భారత పత్తి మీద పడ్డాయి. పొట్టి పింజ పత్తి కావడంతో అక్కడి కార్మికులు విసుక్కున్నారు. మన దేశం నుంచి వెళ్లిన పత్తికంతా 'సూరత్' అనే పేరు పెట్టి తిట్టుకున్నారు. ఆ మాటకు జవాబు అదే సూరత్ నుంచి శతాబ్దం తర్వాత వచ్చింది. 1970లో అక్కడి పత్తి పరిశోధనా కేంద్రంలో సి.టి. పటేల్ హైబ్రిడ్-4 రకాన్ని రూపొందించారు. ప్రపంచంలో వాణిజ్య సాగుకు వచ్చిన తొలి సంకర పత్తి అదే. గుంటూరు నుంచి ఆదిలాబాద్ దాకా మన రేగళ్లలో సంకర పత్తి రాజ్యమేలడానికి దారి అక్కడే పడింది.

ఇప్పుడా సూరత్‌లో పత్తి నేల మీద పాలిస్టర్ నేస్తున్నారు. లక్షల సాంచాలు తిరిగే ఆ నగరంలో నేతపనిలో ఉన్నవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి చేనేత చితికిపోయాక వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వైపు బస్తీల్లో తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ పరిధిలో తెలుగు మాధ్యమం బడులు కూడా వెలిశాయి. వారి మగ్గం మీదికి వచ్చే దారం నేల మీద పండింది కాదు, పెట్రోలియం నుంచి తీసింది. రేగడికి పేరు పెట్టిన జాతి మనుషులు రేగడి మీద కట్టిన షెడ్లలో నిలబడి, రేగడితో ఏ సంబంధమూ లేని బట్ట నేస్తున్నారు. ఇందులో తప్పు పట్టాల్సింది ఎవరినీ కాదు. బతుకుదెరువు ఎటు ఉంటే మనిషి అటు పోతాడు. అయితే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇన్ని చేతులు మారిన ఈ నేల విలువను ఎవరైనా ఎప్పుడైనా సరిగా లెక్క కట్టారా?

మొదట లెక్క కట్టినవాళ్లు పన్నుల అధికారులు. 1847లో గోల్డ్‌స్మిడ్, వింగేట్, డేవిడ్‌సన్ అనే ముగ్గురు బొంబాయి రాష్ట్ర భూమి సర్వేకు నియమావళి రాశారు. దాన్ని తర్వాత తగిన మార్పులతో గుజరాత్‌కూ విస్తరించారు. ఆ లెక్క ముచ్చటైనది. చేను తవ్వి మట్టి లోతును మూరల్లో కొలిచేవారు. సన్నని రేణువులతో నల్లగా ఉండి ఒకటి ముప్పావు మూర లోతున్న నేలకు పదహారణాల విలువ. లోతు తగ్గేకొద్దీ అణాలు తగ్గుతాయి. ఆ పైన దోషాలకు గుర్తులు వేసేవారు. వాలు ఒక దోషం, ఇసుక ఒక దోషం, నీరు ఇంకకపోవడం ఒక దోషం. మట్టిలో సున్నపు గులకలు ఉండటమూ ఒక దోషమే. ఒక్కో దోషానికి నేల ఒక్కో మెట్టు దిగేది. అంతా వసూలు కోసమే అయినా, ఆ లెక్క వేయడానికి మనిషి చేలోకి దిగి గుంట తవ్వాల్సి వచ్చేది.

ఆ కాస్త శ్రద్ధ కూడా కాలక్రమంలో పోయింది. 1920ల్లో సూరత్ జిల్లా బార్డోలిలో శిస్తు సవరణ జరిగినప్పుడు అధికారులు చూపిన కారణాల్లో తపతి లోయ రైలుమార్గం రావడం, పంటల ధరలు, కౌలు రేట్లు పెరగడం ప్రధానం. మట్టి మారలేదు, దిగుబడి మారలేదు, పక్కన రైలు పోతోంది కనుక శిస్తు 22 శాతం పెంచారు. రైతులు కట్టమన్నారు. 1928లో వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వంలో సాగిన ఆ సత్యాగ్రహమే ఆయనను సర్దార్‌ను చేసింది. చివరకు ప్రభుత్వం విచారణకు ఒప్పుకుంది. విచారణ జరిపిన ఇద్దరు అధికారుల్లో ఒకరైన బ్రూమ్‌ఫీల్డ్, 1922లో గాంధీజీకి జైలు శిక్ష వేసిన జడ్జి. వారిద్దరూ ఊళ్లు తిరిగి, ఆ 22 శాతానికి ఆధారం లేదని తేల్చారు. సమర్థించదగిన పెంపు 6 శాతానికి అటూ ఇటూ అన్నారు. మట్టి లెక్కను మార్కెట్ లెక్కతో కలిపేస్తే ఏమవుతుందో బార్డోలి అప్పుడే చూపించింది.

స్వాతంత్ర్యం వచ్చాక శిస్తు బాధ తగ్గింది, నీళ్లు వచ్చాయి. 1950ల్లో తపతి మీద కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయ్ జలాశయం పూర్తయ్యాయి. పత్తి, జొన్న వేసే చోట చెరకు, వరి, అరటి వచ్చాయి. బార్డోలి సహకార చక్కెర కర్మాగారం ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. రైతులు బాగుపడ్డారు. అందులో అబద్ధం లేదు. కానీ ఏటికేడాది తడి ఆరని రేగడిలో కిందినుంచి ఉప్పు పైకి రావడం మొదలైంది.

రెండ్జినా నేర్పిన పాఠం ఇక్కడ పనికొస్తుంది. కాల్షియం మట్టి రేణువులను ముడివేస్తే, సోడియం ఆ ముడి విప్పుతుంది. నీరు నిలిచి ఆవిరయ్యేచోట సోడియం పోగవుతుంది. కాల్షియమేమో సున్నపు గులకల్లో బందీ అవుతుంది. నాగపూర్‌లోని జాతీయ మృత్తికా సర్వే సంస్థ శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా చెబుతున్నది కూడా ఇదే. పొడి వాతావరణంలో మట్టిలో సున్నం గులకలు కడుతున్నకొద్దీ బంకమట్టిని అంటిపెట్టుకున్న కాల్షియం తగ్గి, సోడియం వాటా పెరిగి, అడుగు మట్టిలో నీరు కదలడం మానేస్తుంది. అటువంటి రేగడి తడిస్తే బంక, ఎండితే బండ. 1847 నాటి సర్వేయర్లకు ఈ రసాయనం తెలియదు. అయినా సున్నపు గులకలున్న చోట దోషం గుర్తు వేశారంటే, వాళ్లు గమనించింది ఊరి రైతుల అనుభవాన్నే అయి ఉండాలి.

దీనికి మందు ఉంది. జిప్సం వేసి కాల్షియం తిరిగి అందించడం, భూమి లోపల గొట్టాలు పరిచి ఉప్పునీటిని బయటికి పంపడం. 1990ల మధ్యలో నెదర్లాండ్స్ సహకారంతో ఈ పని నాలుగు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా చేపట్టారు. గుజరాత్‌లో నవ్‌సారి కేంద్రం సూరత్ జిల్లా సేగ్వాలో గొట్టాలు వేసింది. మన బాపట్ల కేంద్రం నాగార్జునసాగర్ కుడి కాలువ కింది కోనంకిలో, కృష్ణా డెల్టాలోని ఉప్పుగుండూరులో వేసింది. తపతి కాలువ కిందా, కృష్ణా కాలువ కిందా రైతు చేసిన పొరపాటు ఒకటే, మందూ ఒకటే. అవి పనిచేశాయి. కానీ ఖర్చుతో కూడిన పని. కాలువ తవ్వేటప్పుడు అంచనా వ్యయంలో మట్టి మరమ్మతుకు ఒక పద్దు పెట్టి ఉంటే ఆ ఖర్చు రైతు మీద పడేది కాదు.

ఇప్పుడు మూడో లెక్క నడుస్తోంది. అది గజాల లెక్క. సూరత్ నగరం 2006లో ఒకసారి, 2020లో మరోసారి హద్దులు పెంచుకుని చుట్టుపక్కల పల్లెలను కలుపుకుంది. ముంబై-అహ్మదాబాద్ బుల్లెట్ రైలుకు సూరత్ స్టేషన్‌ను నగరం బయట అంత్రోలి దగ్గర కడుతున్నారు. తపతి లోయ రైలు నాడు శిస్తు పెంచితే, ఈ రైలు చుట్టుపక్కల స్థలాల ధర పెంచుతోంది. స్టేషన్‌కు ఎంత దూరం, రోడ్డు ఎన్ని అడుగులు అన్నవి ధరలోకి వస్తాయి. మట్టి ఎన్ని మూరలన్నది రాదు. పైగా కట్టేవాడికి రేగడి శత్రువు. ఉబ్బి, కుంగి, గోడలకు పగుళ్లు తెస్తుంది. అందుకే పునాది వేసేముందు రేగడిని తవ్వి ఎత్తిపోసి, దాని చోట మొరం నింపుతారు. వేల ఏళ్లలో తయారైన మట్టి ఒక పూటలో టిప్పర్ ఎక్కి, ఎక్కడో ఒక పల్లపు స్థలం పూడ్చడానికి పోతుంది.

మన దగ్గర పరిస్థితి వేరేమీ కాదు. 2015లో అమరావతి కోసం భూసమీకరణ జరిగినప్పుడు కౌలుగా మెట్ట ఎకరాకు ఏడాదికి 30 వేలు, జరీబు ఎకరాకు 50 వేలు ప్రకటించారు. నీటి వసతిని బట్టి తేడా చూపడం మంచిదే. ఆ నల్లమట్టి మాత్రం ఏ గడిలోనూ చేరలేదు. తెలంగాణలో తాండూరు సంగతి మరీ చిత్రం. రెండ్జినాకు మన దగ్గర దగ్గరి చుట్టం వెతకాలంటే అక్కడికే పోవాలి. కింద నాపరాయిగా తీసే సున్నపురాయి, పైన నల్లమట్టి. ఆ మట్టిలో పండే కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పప్పు రుచికి ఆ నేలే కారణమని ప్రభుత్వమే ముద్ర వేసిందన్నమాట. అదే ప్రాంతంలో రాయి కోసం క్వారీ తవ్వేటప్పుడు మాత్రం ఆ నేల అడ్డు తొలగించాల్సిన 'పైమట్టి'.

ప్రపంచం కూడా ఆలస్యంగానే కళ్లు తెరిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2022లో నల్లనేలల మీద తొలి ప్రపంచ నివేదిక వెలువరించింది. భూమ్మీద అవి దాదాపు 72.5 కోట్ల హెక్టార్లున్నాయని, చాలాచోట్ల తమ కర్బనంలో సగం దాకా ఇప్పటికే కోల్పోయాయని చెప్పింది. ఆ నివేదిక ప్రకారం నల్లనేల అనిపించుకోవాలంటే ఉష్ణమండలంలో కనీసం 0.6 శాతం కర్బనం ఉండాలి. మన రేగళ్లలో చాలావాటికి అది అంచు మీది అంకె. ఏటా దుబ్బులు కాల్చి, పశువుల ఎరువు మానేసి, యూరియాతోనే నెట్టుకొస్తే రేగడి రంగులో నల్లనేలగా మిగిలినా లెక్కలో ఆ జాబితా నుంచి జారిపోతుంది.

చేయదగినవి పెద్ద పనులేమీ కావు. 2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలుంటాయి. నత్రజని నుంచి బోరాన్ దాకా ఉన్నాయి, కర్బనమూ ఉంది. మట్టి లోతు లేదు, సున్నం లేదు. బొంబాయి సర్వేయరు పన్ను కోసం తవ్విన గుంటను మనం మట్టి కోసం తవ్వలేమా? ఆ రెండు గడులూ చేరిస్తే, ఏ చేను చెరువులా నీరు పెట్టడానికి పనికిరాదో రైతుకు ముందే తెలుస్తుంది. పెద్ద కట్టడాలకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు తవ్విన పైమట్టిని భద్రపరచాలనే షరతు ఇప్పటికే ఉంటోంది. అది ఆ ఆవరణలోని పూలతోటలకు మాత్రమే ఉపయోగపడుతోంది. మిగిలిన మట్టిని దగ్గరి పలచటి పొలాలకు చేర్చాలని ఒక్క వాక్యం చేర్చవచ్చు. చెరువు పూడికను పొలాలకు తోలిన అనుభవం మన ఊళ్లకు కొత్తదేమీ కాదు. ఇక వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చేటప్పుడు లోతైన రేగడికి రుసుము ఎక్కువ పెట్టి, మొరం నేలలకు తగ్గిస్తే, కట్టడాలు వాటంతటవే గట్టి నేలల వైపు మళ్లుతాయి. గోడలకు పగుళ్ల బెడదా తప్పుతుంది.

నగరాలు పెరగొద్దని ఎవరూ అనరు. సూరత్ ఎంతమంది తెలుగువాళ్లకు అన్నం పెడుతోందో తెలిసినవాళ్లు అసలే అనరు. అడిగేదల్లా, తిరిగిరాని దాన్ని ఖర్చు రాసేటప్పుడు కనీసం పద్దులో చూపించమని. పాలిస్టర్ దారం పెట్రోలు నుంచి ఎంతైనా తీయవచ్చు. అంత్రోలి దగ్గర టిప్పర్ ఎత్తుకెళ్లిన రేగడిని మళ్లీ పరవడానికి తపతికి ఎన్ని వేల ఏళ్లు కావాలో, ఆ వ్యవధి ఏ ప్రాజెక్టు నివేదికలోనూ పట్టదు.